మెయిన్‌ఫ్రేమ్ అప్‌గ్రేడ్: ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోవాలి

నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి అమీర్‌పేటకు వెళ్లి కోబాల్ ప్రోగ్రామింగ్ భాష, జాబులను నడిపించే జేసీఎల్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్లు 1990ల చివరి నుంచీ ఉన్నారు. వైటుకే (2000 సంవత్సరం తేదీల సమస్య) హడావుడిలో తెరుచుకున్న ఆ దారి ఇంకా మూసుకుపోలేదు. అమెరికా, యూరప్ బ్యాంకుల, బీమా కంపెనీల మెయిన్‌ఫ్రేమ్‌లను, అంటే లావాదేవీలు నడిపే భారీ కంప్యూటర్లను, చూసుకునే టీముల్లో దక్షిణ తెలంగాణ వాళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు. 2020 తర్వాత కొందరు సొంతూళ్ల నుంచే లాగిన్ అవుతున్నారు. 2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ, నల్గొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు.

వీళ్ల రోజువారీ పని టికెట్లు, ఫెయిలైన బ్యాచ్ జాబులు (రాత్రిపూట వరసగా నడిచే పనులు), నెలాఖరు రన్‌లు. అది అలవాటైపోతుంది. అసలు టెన్షన్ పెట్టేది రెండు మూడేళ్లకోసారి వచ్చే అప్‌గ్రేడ్. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త రిలీజ్‌కు మారుతుంది, కొన్నిసార్లు దాని కింద ఉన్న మెషీన్ కూడా మారుతుంది. పైన నడిచే అప్లికేషన్లకు మాత్రం ఏమీ తెలియకూడదు. ఏటీఎంలో డబ్బులు రావాలి, క్లెయిమ్ పాస్ కావాలి, తెల్లారేసరికి బ్యాచ్ పూర్తి కావాలి.

అప్‌గ్రేడ్ ప్లాన్ అనగానే చాలామంది కట్‌ఓవర్ రోజు, అంటే మార్పు జరిగే రోజు, గంటగంటకూ ఎవరు ఏం చేయాలో రాసిన ఎక్సెల్ షీట్‌ను చూపిస్తారు. అది అవసరమే. కానీ అప్‌గ్రేడ్ సాఫీగా జరుగుతుందా లేదా అన్నది ఆ షీట్ తేల్చదు. అంతకు ఏడాది ముందే మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఏది ముందు మారాలి? ఒక్క దూకుతో ఎంత దూరం వెళ్లవచ్చు? ఏ గీత దాటితే ఇక వెనక్కి రాలేం? మూడో ప్రశ్నకు జవాబు రాసిపెట్టని ప్లాన్‌ను సగం ప్లాన్ కిందే లెక్కవేయాలి.

పాతా కొత్తా పక్కపక్కన ఎన్నాళ్లు ఉండగలవు?

ఐబీఎం తన ప్రధాన ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌కు రెండేళ్లకోసారి సెప్టెంబర్ చివర్లో కొత్త రిలీజ్ ఇస్తోంది. 2019లో 2.4, 2021లో 2.5, 2023లో 3.1, 2025లో 3.2 వచ్చాయి. ఒక్కో రిలీజ్‌కు మామూలు సపోర్ట్ ఐదేళ్లు. ఆ లెక్కన 2.5కు గడువు 2026 సెప్టెంబర్. ఆ తర్వాత కూడా సపోర్ట్ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. మెషీన్ల వరస వేరు: 2017లో జెడ్14, 2019లో జెడ్15, 2022లో జెడ్16, 2025లో జెడ్17.

ఈ రెండు వరసలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. 3.1 నడవాలంటే కనీసం జెడ్14 ఉండాలి. 3.2 నడవాలంటే కనీసం జెడ్15 ఉండాలి. ఇక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒకేసారి గరిష్ఠంగా రెండు రిలీజులు దాటించవచ్చు. అంటే 2.5 నుంచి నేరుగా 3.2కు వెళ్లవచ్చు, 2.4 నుంచి మాత్రం 3.1 దాకానే. వెనక్కి రావడానికైనా, పాతా కొత్తా సిస్టమ్‌లు ఒకే డేటాను పంచుకుంటూ పక్కపక్కన నడవడానికైనా ఇదే హద్దు.

పక్కపక్కన నడవడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సిస్‌ప్లెక్స్ ఏమిటో తెలియాలి. పెద్ద బ్యాంకు ఒకే సిస్టమ్ మీద ఆధారపడదు. నాలుగో ఎనిమిదో సిస్టమ్‌లు ఒకే డేటాబేస్‌ను, ఒకే స్పూల్‌ను (జాబులు, వాటి ఔట్‌పుట్ ఉండే చోటు), ఒకే సెక్యూరిటీ డేటాను పంచుకుంటూ బయటికి ఒక్కటిగా కనిపిస్తాయి. అందువల్ల అన్నింటినీ ఒకేసారి ఆపాల్సిన పని లేదు. ఒక ఆదివారం ఒకదాన్ని కొత్త రిలీజ్‌తో ఐపీఎల్ చేసి, అంటే మళ్లీ స్టార్ట్ చేసి, రెండు వారాలు చూసి, తర్వాత రెండోదాన్ని మారుస్తారు. ఆ మధ్యకాలమంతా పాత రిలీజ్, కొత్త రిలీజ్ ఒకే డేటాను రాస్తూ చదువుతూ ఉంటాయి. ఒకటి రాసింది రెండోదానికి అర్థం కాకపోతే రెండూ కూలిపోవచ్చు.

మెషీన్ల మధ్య కూడా ఇలాంటి హద్దే ఉంది. జెడ్16 తన కంటే రెండు తరాల వెనకటి జెడ్14 వరకు కలిసి సిస్‌ప్లెక్స్‌లో ఉండగలదు. జెడ్17 జెడ్15 వరకే.

ఒక ఊహాత్మక సైట్‌ను తీసుకుంటే చిక్కు బాగా తెలుస్తుంది. రెండు జెడ్14 మెషీన్లు, వాటి మీద జెడ్/ఓఎస్ 2.5తో ఒక సిస్‌ప్లెక్స్. యాజమాన్యం జెడ్17, 3.2 కావాలని అడిగింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ముందు మారుద్దామంటే 3.2 జెడ్14 మీద ఎక్కదు, 3.1 దగ్గరే ఆగాలి. మెషీన్‌ను ముందు మారుద్దామంటే సరైన దిద్దుబాట్లు వేసుకున్న 2.5 జెడ్17 మీద నడుస్తుంది, అంతవరకు బాగానే ఉంది. కానీ ఒక జెడ్14ను తీసి జెడ్17 పెట్టిన మరుక్షణం మిగిలిన జెడ్14తో అది కలవదు. ఒక్కొక్కటిగా మార్చే దారి లేదు. ఇక మిగిలింది సిస్‌ప్లెక్స్ మొత్తాన్ని ఆపి రెండింటినీ ఒకేసారి మార్చడం, లేదా జెడ్15నో జెడ్16నో మధ్యలో మెట్టుగా వాడుకోవడం. పైగా పాత మెషీన్ సీరియల్ నంబర్‌ను అలాగే ఉంచి కొత్త తరానికి మార్చే సదుపాయం జెడ్17కు జెడ్15, జెడ్16ల నుంచే ఉంది. జెడ్14 వాళ్లకు కొత్త సీరియల్ నంబర్ తప్పదు. దానివల్ల వచ్చే తలనొప్పి గురించి కింద చెప్పుకోవాలి.

ఒక తరం మెషీన్‌ను దాటేస్తే డబ్బు మిగులుతుందనే మాట బడ్జెట్ మీటింగుల్లో తరచుగా వినిపిస్తుంది. ఒక తరం దాటితే ఫరవాలేదు. రెండు తరాలు దాటితే, మూడోది కొనే రోజున ఆ మిగులు మొత్తం అవుటేజ్ (సిస్టమ్ ఆపేసే సమయం) రూపంలోనో మధ్యమెట్టు రూపంలోనో బయటికి పోతుంది. ఈ లెక్కను టెక్నికల్ టీమే ముందుగా కాగితం మీద పెట్టి పైవాళ్లకు చూపించాలి. వాళ్లంతట వాళ్లకు తట్టదు.

ఇక రెండింటినీ ఒకే వారాంతంలో మార్చేద్దామనే ఆలోచన. దీన్ని గట్టిగా వద్దనాలి. సోమవారం పొద్దున ఒక ముఖ్యమైన జాబ్ నలభై నిమిషాలకు బదులు గంటన్నర తీసుకుంటే కారణం కొత్త ప్రాసెసరా, కొత్త రిలీజా, మారిన ఐ/ఓ (డేటా రాకపోకల) దారులా అని ఎవరూ చెప్పలేరు. ఒక్కటే మారి ఉంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది, వెనక్కి తీసుకోవాల్సింది కూడా ఒక్కటే అవుతుంది. పాత రిలీజ్ కొత్త మెషీన్ మీద నడిచే వీలుంటే మెషీన్‌ను ముందు మార్చడమే మేలు. మెషీన్ మారినా అప్లికేషన్ చూసే ఆపరేటింగ్ సిస్టమ్ మారదు కాబట్టి పరీక్షించాల్సింది తక్కువ. రెండు మార్పుల మధ్య కనీసం ఒక నెలాఖరు గడవాలి.

పాత సిస్టమ్‌కు వేయాల్సిన మందు

కొత్తగా చేరినవాళ్లు తరచుగా తికమకపడేది ఇక్కడే. కొత్త రిలీజ్‌కు సిద్ధం కావడమంటే పని ఎక్కువగా పాత సిస్టమ్ మీదే ఉంటుంది. కొత్త రిలీజ్ రాసే డేటాను పాతది తట్టుకోవాలంటే పాతదానికే పీటీఎఫ్‌లు, అంటే ఐబీఎం పంపే దిద్దుబాట్లు, ముందుగా వేయాలి. కొత్త మెషీన్ విషయంలోనూ అంతే. ఇప్పుడు నడుస్తున్న రిలీజ్‌కు ఆ మెషీన్‌ను గుర్తుపట్టే పీటీఎఫ్‌లు ముందే ఉండాలి, లేకపోతే కొత్త మెషీన్ మీద ఐపీఎల్ కూడా సరిగ్గా జరగకపోవచ్చు.

ఏవేవి కావాలో వెతకడానికి ఫిక్స్‌క్యాట్ అనే పద్ధతి ఉంది. ప్రతి దిద్దుబాటుకు ఐబీఎం ఒక వర్గం పేరు తగిలిస్తుంది. కలిసి నడవడానికి కావాల్సినవి ఒక వర్గం, ఫలానా మెషీన్‌కు తప్పనిసరి అయినవి మరో వర్గం, కొత్త రిలీజ్ మీదకు వెళ్లే ప్రొడక్టులకు కావాల్సినవి ఇంకో వర్గం. సిస్టమ్ ప్రోగ్రామర్ ముందుగా తాజా హోల్డ్‌డేటాను, అంటే దిద్దుబాట్ల గురించి ఐబీఎం ఇచ్చే సమాచారాన్ని, దించుకుని దిద్దుబాట్లు వేసే టూల్ ఎస్ఎంపీ/ఈలోకి రిసీవ్ చేస్తారు. తర్వాత రిపోర్ట్ మిస్సింగ్‌ఫిక్స్ కమాండ్‌కు జోన్ (ఏ సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే ఎస్ఎంపీ/ఈ రికార్డు) పేరు, ఫిక్స్‌క్యాట్ పేరు ఇచ్చి రన్ చేస్తారు. వచ్చే రిపోర్ట్‌లో ఒక్కో వరసకు ఏ కాంపొనెంట్, ఏ సమస్య, దాన్ని తీర్చే పీటీఎఫ్ ఏది, అది ఇప్పటికే రిసీవ్ అయి ఉందా లేదా అన్నది కనిపిస్తుంది. రిపోర్ట్ ఖాళీగా వస్తే పని అయినట్టే. ఒక్క షరతు: హోల్డ్‌డేటా తాజాది కావాలి. మూడు నెలల కిందటి హోల్డ్‌డేటాతో తీసిన ఖాళీ రిపోర్ట్‌ను చూసి ఊపిరి పీల్చుకుంటే ప్రమాదం. ఆ మూడు నెలల్లో బయటపడిన సమస్యలు ఏవీ అందులో ఉండవు. అందుకే ఈ రిపోర్ట్‌ను ప్లాన్ మొదట్లో ఒకసారి, మధ్యలో నెలకోసారి, కట్‌ఓవర్‌కు వారం ముందు ఆఖరుసారి తీయాలి.

పీటీఎఫ్‌ను ఎస్ఎంపీ/ఈలో అప్లై చేసినంత మాత్రాన అది సిస్టమ్‌లో నడుస్తున్నట్టు కాదు. ఆ దిద్దుబాటు ఉన్న సిస్‌రెస్ డిస్క్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్క్) నుంచి ప్రతి సిస్టమ్‌ను ఐపీఎల్ చేయాలి. అందరూ మరిచిపోయే సిస్టమ్ ఒకటి ఎక్కడో ఉంటుంది, ఏడాదికోసారి మాత్రమే ఐపీఎల్ అయ్యేది, ఏదో పాత రిపోర్టుల కోసం ఉంచినది. సిస్‌ప్లెక్స్‌లో చేరి ఉన్నంతకాలం దానికీ ఈ మందు పడాల్సిందే.

ఇన్‌స్టాలేషన్ పద్ధతి కూడా మారింది. ఐబీఎం ఇచ్చే ఇన్‌స్టాలేషన్ ప్యాకేజీ సర్వర్‌ప్యాక్‌ను పాత ఐఎస్‌పీఎఫ్ ప్యానెళ్ల (టెర్మినల్ స్క్రీన్ల) ద్వారా వేసే రోజులు 2022 జనవరితో ముగిశాయి. ఇప్పుడంతా బ్రౌజర్‌లో నడిచే జెడ్/ఓఎస్ఎంఎఫ్ ద్వారానే. దాన్ని సరిగ్గా సెటప్ చేసుకోని టీములు, సెక్యూరిటీ పర్మిషన్ల దగ్గరే నెలంతా పోగొట్టుకునే అవకాశం ఉంది కాబట్టి, ఆ పనిని అప్‌గ్రేడ్ ప్రాజెక్టుకు ముందే తెమల్చుకోవాలి. అందులోనే అప్‌గ్రేడ్ వర్క్‌ఫ్లో ఉంటుంది. ఏ దశ తర్వాత ఏ దశ, ఏది తప్పనిసరి, ఏది మన సైట్‌కు వర్తించదు అన్నది అదే చూపిస్తుంది, కొన్ని చెక్‌లను తనే రన్ చేస్తుంది. ఇన్నేళ్లూ అనుభవజ్ఞులైన ఇద్దరు ముగ్గురి బుర్రలో ఉన్న జాబితా ఇప్పుడు అందరి ముందూ ఉండటం ఎంతో మంచి మార్పు. "ఆ అన్నకు ఫోన్ చేస్తే చెప్తాడు" అనుకునే పద్ధతి ఆ అన్న ఉద్యోగం మారేదాకానే పనిచేస్తుంది.

జేఈఎస్3 (జాబులను తీసుకుని నడిపించే భాగం) వాడే సైట్లకు మాత్రం ఇది మామూలు అప్‌గ్రేడ్ కాదు. జెడ్/ఓఎస్‌తో పాటు ఐబీఎం జేఈఎస్3ని ఇచ్చిన ఆఖరి రిలీజ్ 2.5. 3.1కు వెళ్లాలంటే జేఈఎస్2కు మారాలి, లేదా బయటి కంపెనీ అందిస్తున్న ప్రత్యామ్నాయం తీసుకోవాలి. జేసీఎల్‌లో వేలాది మార్పులు ఉండొచ్చు. దాన్ని అప్‌గ్రేడ్‌లో ఒక దశగా కాక వేరే ప్రాజెక్టుగా చూసి, ముందు ఏడాదే ముగించాలి.

చిన్నవిగా కనిపించి పెద్ద దెబ్బ కొట్టేవి

ఆపరేటింగ్ సిస్టమ్ చాలావరకు అనుకున్నట్టే లేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పని ఆగిపోయేది వేరే చోట్ల.

మొదటిది లైసెన్స్ కీలు. సార్ట్, షెడ్యూలర్, టేప్ మేనేజ్‌మెంట్, రిపోర్టులు పంచే సాఫ్ట్‌వేర్, ఇవన్నీ చాలా సైట్లలో బయటి కంపెనీలవే. వీటిలో చాలావాటి కీలు మెషీన్ సీరియల్ నంబర్‌కూ మోడల్‌కూ ముడిపడి ఉంటాయి. కొత్త సీరియల్ నంబర్ వస్తే కొన్ని హెచ్చరిక ఇచ్చి కొన్నాళ్లు నడుస్తాయి, కొన్ని అసలు లేవవు. షెడ్యూలర్ లేవకపోతే రాత్రి బ్యాచ్ మొత్తం ఆగినట్టే. ప్రతి ప్రొడక్టుకు కీ ఏ వివరాల మీద ఆధారపడుతుందో వెండర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రైమరీ మెషీన్‌కే కాదు, డిజాస్టర్ రికవరీ సైట్‌లో (ప్రమాదం వస్తే వాడే రెండో చోట) ఉన్న మెషీన్‌కు కూడా. మెషీన్ కెపాసిటీ పెరిగితే అదనపు ఫీజు అడిగే వెండర్లు ఉంటారు. అది టెక్నికల్ పని కాదు, బేరసారాల పని, నెలలు పడుతుంది. ఆర్డర్ ఖరారు కాకముందే మొదలుపెట్టాలి. మెషీన్ దిగాక బేరం మొదలుపెడితే బలం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది.

రెండోది ఎన్‌క్రిప్షన్. ఇది అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన విషయం. మెయిన్‌ఫ్రేమ్‌లో ఎన్‌క్రిప్షన్ పని చేసే క్రిప్టో ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో మాస్టర్ కీలు ఉంటాయి. కార్డు నుంచి వాటిని ఎవరూ చదివి బయటికి తీయలేరు, అలా తీయలేకపోవడమే దాని భద్రత. ఏటీఎం పిన్‌లను సరిచూసే కీలు, డిస్క్ మీద డేటాను దాచిపెట్టే కీలు, అన్నీ ఆ మాస్టర్ కీ కింద దాచి ఉంటాయి. కొత్త మెషీన్‌లో కొత్త కార్డు ఖాళీగా వస్తుంది. మాస్టర్ కీని మళ్లీ ఎక్కించాలి. దాన్ని మొదట ఎక్కించినప్పుడే రెండు మూడు భాగాలుగా చేసి వేర్వేరు మనుషులకు అప్పగించి ఉంటారు, ఒక్కరి చేతిలో పూర్తి కీ ఉండకూడదని. ఇప్పుడు ఆ మనుషులందరూ తమ భాగాలతో రావాలి. అయిదేళ్లలో ఒకరు రిటైర్ అయి ఉండొచ్చు, ఒకరు కంపెనీ మారి ఉండొచ్చు, స్మార్ట్ కార్డు ఏ లాకర్‌లో ఉందో రిజిస్టర్‌లో రాసి ఉండకపోవచ్చు. ఒక భాగం దొరకకపోయినా కొత్త మెషీన్‌లో డేటా ఉంటుంది కానీ తెరుచుకోదు. అందుకని ప్రాజెక్టు మొదటి నెలలోనే కీ భాగాలు ఎవరి దగ్గర ఉన్నాయో తేల్చి, పాత మెషీన్ ఇంకా నడుస్తుండగానే వాటిని ఒకసారి పరీక్షించి చూడాలి. దొరకని భాగం ఉంటే పాత కార్డులో పాత కీ ఉండగానే కొత్త మాస్టర్ కీకి మారిపోయే అవకాశం ఉంటుంది. పాత మెషీన్ వెళ్లిపోయాక ఆ అవకాశం ఉండదు.

మూడోది కంపైలర్, అంటే ప్రోగ్రామ్‌ను మెషీన్ ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చే సాఫ్ట్‌వేర్. కోబాల్ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసేటప్పుడు ఆర్చ్ అనే ఆప్షన్‌తో ఏ తరం మెషీన్ ఇన్‌స్ట్రక్షన్లు వాడాలో చెప్తాం. 12 అంటే జెడ్14, 13 అంటే జెడ్15, 14 అంటే జెడ్16. కొత్త జెడ్16 వచ్చిన సంతోషంలో ఎవరో స్టాండర్డ్ కంపైల్ ప్రొసీజర్‌లో 14 పెట్టేస్తారు. ప్రొడక్షన్‌లో అంతా వేగంగా నడుస్తుంది. ఆరు నెలల తర్వాత డిజాస్టర్ రికవరీ డ్రిల్‌లో అదే ప్రోగ్రామ్ అక్కడ ఇంకా ఉన్న జెడ్14 మీద పడి ఎస్0సీ1 ఎర్రర్‌తో అబెండ్ అవుతుంది, అంటే మధ్యలోనే ఆగిపోతుంది, ఆ ఇన్‌స్ట్రక్షన్ ఏమిటో ఆ ప్రాసెసర్‌కు తెలియదు కాబట్టి. ప్రోగ్రామ్ ఏ ఏ మెషీన్ల మీద నడిచే అవకాశం ఉందో వాటన్నింటిలో పాతదాన్ని బట్టి ఆర్చ్ పెట్టాలి. మెషీన్‌ను వెనక్కి మార్చాల్సి వస్తే కూడా ఇదే సమస్య.

కెపాసిటీ విషయంలో ఒక పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పాత మెషీన్‌కు ఇన్ని మిప్స్ (కెపాసిటీ కొలమానం), కొత్తదానికీ అన్నే ఉన్నాయి కదా అని ఆర్డర్ పెట్టేస్తారు. అదే మొత్తాన్ని తక్కువ సంఖ్యలో వేగమైన ఇంజిన్లుగా, అంటే ప్రాసెసర్లుగా, తీసుకోవచ్చు, ఎక్కువ సంఖ్యలో నెమ్మదైన ఇంజిన్లుగా కూడా తీసుకోవచ్చు. మొత్తం ఒకటే అయినా ఫలితం ఒకటి కాదు. ఒకే టాస్క్‌గా నడిచే పెద్ద బ్యాచ్ జాబ్ ఒక సమయంలో ఒక్క ఇంజిన్‌నే వాడుకోగలదు. ఆన్‌లైన్ లావాదేవీలను నడిపే సీఐసీఎస్‌లోని ప్రధాన టాస్క్ క్యూఆర్ కూడా అంతే. ఇంజిన్ వేగం తగ్గితే పక్కన పది ఇంజిన్లు ఖాళీగా ఉన్నా ఆ జాబ్ పూర్తి కాక సాగుతూనే ఉంటుంది. కాబట్టి ప్రాసెసర్ వాడకం తీరును చెప్పే ఎస్ఎంఎఫ్ 113 రికార్డులు ముందు నుంచీ సేకరించాలి, కెపాసిటీ అంచనా వేసే జెడ్‌పీసీఆర్ టూల్‌లో మన వర్క్‌లోడ్ తీరును బట్టి లెక్క వేయాలి, రాత్రి బ్యాచ్‌లో అన్నిటికంటే పొడవైన దారిలో ఉన్న జాబులను విడిగా చూడాలి.

కేబుళ్లు, గది సంగతి చిన్నదే కానీ ముందుగా చూసుకోవాలి. డిస్కులను, టేపులను కలిపే 32 గిగాబిట్ ఫైకాన్ కార్డు 16కు, 8కి దిగగలదు, 4కు దిగలేదు. మూలన ఉన్న పాత టేప్ కంట్రోలర్ 4 గిగాబిట్‌దైతే అది నేరుగా కొత్త మెషీన్‌కు తగలదు. జెడ్15 నుంచి పెద్ద మోడళ్ల ఫ్రేములు 19 అంగుళాల ర్యాక్ కొలతకు మారాయి, జెడ్16కు నీటితో చల్లబరిచే ఆప్షన్ లేదు. నేల కొలతలు, కరెంటు ప్లగ్గులు డేటా సెంటర్ వాళ్లు చూసుకుంటారు, వాళ్లకు ఆ వివరాలు టైముకు చేరేలా చూడటం ప్లానర్ పని.

క్యాలెండర్ ఇక్కడిది, గడియారం అక్కడిది

సాగర్ ఎడమ కాలువ లైనింగ్ మరమ్మతు యాసంగికి నీళ్లు ఆపాక మొదలై, వానాకాలానికి నీళ్లు వదిలేలోపు ముగియాలి. మెయిన్‌ఫ్రేమ్ అప్‌గ్రేడ్‌కూ అలాంటి ఇరుకు కాలమే దొరుకుతుంది. అమెరికా బ్యాంకు లెక్కలో నెలాఖరు, త్రైమాసికం చివర పక్కన పెట్టాలి. నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ దగ్గర్నుంచి కొత్త సంవత్సరం దాకా మార్పులపై ఫ్రీజ్ పెట్టే సంస్థలు ఎక్కువ. జనవరి అంతా సంవత్సరాంతపు లెక్కలు, పన్ను పత్రాలు. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది, ఆ రోజుల జోలికి అసలు వెళ్లకూడదు.

అలా తీసేస్తూ పోతే సంవత్సరం చివరి మూడు నెలల్లో మిగిలేది అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మధ్య దాకా. సరిగ్గా అప్పుడే ఇక్కడ దసరా సెలవుల సందడి, దీపావళి, కార్తీకంలో కురుమూర్తి జాతర. బతుకమ్మకు పుట్టింటికి వెళ్లే అమ్మాయిలు, జాతరకు ఇంటిల్లిపాదీ బయల్దేరే కుటుంబాలు టీములో ఉంటారు. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా ఇంకో అవకాశం. అప్పుడు మహాశివరాత్రికి శ్రీశైలం వెళ్లేవాళ్లు ఉంటారు, చెరువుగట్టు జాతర కూడా అటూఇటుగా అప్పుడే. ఈ పండుగలను "లీవ్ ప్లాన్" పేరుతో ఆఖరి నెలలో అడగకుండా, మొదటి రోజే క్యాలెండర్‌లో పెట్టాలి. బతుకమ్మ రోజున అలసిన మనసుతో కన్సోల్ ముందు కూర్చున్న మనిషి చేసే పొరపాటు ఎవరికీ మంచిది కాదు. పండుగకు పంపి, ఆ తర్వాతి ఆదివారం పెట్టుకోవడమే ప్రాజెక్టుకూ లాభం.

టైం లెక్క స్పష్టంగా రాసుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా అవుటేజ్ దొరికిందనుకుందాం. వాళ్ల వేసవి టైంలో అది మనకు ఆదివారం పొద్దున 9:30 నుంచి మధ్యాహ్నం 3:30. చలికాలంలో 10:30 నుంచి 4:30. పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్లి అప్లికేషన్లు లేపడానికి రిహార్సల్‌లో గంటన్నర పట్టిందనుకుంటే, దానికి అరగంట కలుపుకోవాలి. అంటే వేసవి టైంలో మధ్యాహ్నం 1:30కు ఒక నిర్ణయం జరగాలి. ముందుకా, వెనక్కా? అప్పుడు అక్కడ తెల్లవారుజామున 4 గంటలు. ఆ నిర్ణయం తీసుకునే మనిషి పేరు, ఆయన ఫోన్ ఎత్తకపోతే తర్వాతి మనిషి పేరు ముందే రాసి ఉండాలి. "ఇంకో పది నిమిషాలు చూద్దాం" అనే మాట ఆ గంటలో చాలాసార్లు వినిపిస్తుంది. ఆ మాటకు తలొగ్గకుండా ఉండాలంటే 1:30 అన్నది ముందే అందరూ ఒప్పుకున్న గీత అయి ఉండాలి. ఆ గీతను గౌరవించి వెనక్కి వచ్చిన టీమును ఓడిపోయినట్టు చూడకూడదు. ప్లాన్ పనిచేసిందనడానికి అదే రుజువు.

ఊళ్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఫైబర్ కనెక్షన్‌తో పాటు వేరే కంపెనీ మొబైల్ నెట్ సిద్ధంగా ఉండాలి, ఇన్వర్టర్ బ్యాటరీ ముందు రోజే చూసుకోవాలి. అవుటేజ్ ఉన్న ఆదివారానికి కీలకమైన ఇద్దరు ఒకే ఊళ్లో, ఒకే లైన్ మీద ఉండకుండా చూడాలి. అవసరమైతే ఒకరు శనివారం రాత్రే ఎల్బీనగర్ రూముకో ఆఫీసుకో వెళ్లిపోవడం మేలు.

వెనక్కి రాలేని గీత

వెనక్కి రావడం అంటే పాత సిస్‌రెస్ నుంచి ఐపీఎల్ చేయడమే కదా అనిపిస్తుంది. సిస్‌రెస్ పాతదే అయినా దాని చుట్టూ ఉన్న డేటా మారిపోయి ఉంటే ఆ ఐపీఎల్ నిలబడదు. కొత్త రిలీజ్ వచ్చిన వారంలోనే కొత్త ఫీచర్లను ఆన్ చేయాలనే ఉబలాటాన్ని అందుకే అదుపులో పెట్టుకోవాలి. ఉదాహరణకు సిస్‌ప్లెక్స్‌లోని సిస్టమ్‌ల ఉమ్మడి సమాచారం ఉండే కపుల్ డేటా సెట్‌ను పెద్ద సైజుకు మార్చాక, మళ్లీ చిన్నదానికి రావాలంటే సిస్‌ప్లెక్స్ మొత్తాన్ని ఆపాల్సి వస్తుంది. ఐబీఎం డేటాబేస్ డీబీ2లో ఈ గీత ఇంకా స్పష్టంగా ఉంది. డీబీ2 13కు మారినప్పుడు ఫంక్షన్ లెవల్ (ఏ కొత్త ఫీచర్లు ఆన్ అయ్యాయో చెప్పే అంచె) 100లో ఉన్నంతకాలం 12కు తిరిగి రావచ్చు, 500ను యాక్టివేట్ చేశాక రాలేం. ఇలాంటి గీతలన్నింటినీ ఒక పట్టికగా రాసి, ఒక్కోదాని పక్కన ఏ తేదీకి ముందు దాటకూడదో పెట్టాలి. అప్‌గ్రేడ్ ప్లాన్‌లో అన్నిటికంటే విలువైన పేజీ అదే.

ఆ తేదీలు ఎలా నిర్ణయించాలి? ఆఖరి సిస్టమ్ కూడా కొత్త రిలీజ్ మీదకు వచ్చాక కనీసం ఒక నెలాఖరు, వీలైతే ఒక త్రైమాసికం చివర గడవాలి. మూడు నెలలకోసారి మాత్రమే నడిచే ప్రోగ్రామ్ టెస్టింగ్‌లో ఎవరి కంటికీ పడి ఉండదు. ఆ రన్‌లలో సీపీయూ టైం, నడిచిన సమయం పాత వాటితో పోల్చి చూశాకే కొత్త ఫీచర్లు ఆన్ చేయాలి. డిజాస్టర్ రికవరీ సైట్‌లో కూడా కొత్త మెషీన్ వచ్చి, అక్కడ ఒక పూర్తి డ్రిల్ అయ్యాక ఆర్చ్ ఆప్షన్ పెంచాలి. పాత మెషీన్‌ను తిరిగి పంపే ముందు దాని క్రిప్టో కార్డుల్లోని మాస్టర్ కీలను చెరిపేసినట్టు ఇద్దరి సంతకాలతో రికార్డు ఉండాలి. కీ భాగాల రిజిస్టర్‌లో కొత్త కస్టోడియన్ల పేర్లు, స్మార్ట్ కార్డులు ఉన్న లాకర్ నంబర్లు అదే రోజు రాసిపెట్టాలి, తర్వాతి మెషీన్ వచ్చేసరికి ఆ పేజీని వెతికేది ఇప్పుడు టీములో లేని మనిషి కావచ్చు.